కేసినో పార్కింగ్ లాట్, ఫ్రెండ్ కారు, మన వీసా

సెయింట్ లూయిస్ చుట్టుపక్కల ఉండే మన పిల్లలు వీకెండ్ వస్తే కేసినోకి పోవడం మామూలే, దాన్ని తప్పుపట్టడానికి ఇది రాయట్లేదు. నేను మిస్సోరి వైపు ఒక కేసినోలో ఐటీ సపోర్ట్ చేస్తాను, ఎక్కువగా నైట్ షిఫ్టే. మొన్న బ్రేక్ రూమ్‌లో, హెచ్1బీ ఉద్యోగ వీసా మీద కొత్తగా వచ్చిన మన కుర్రాడొకడు అడిగాడు: "అన్నా, నా రూమ్మేట్ ఎప్పుడూ కార్లో గన్ పెట్టుకుని తిరుగుతాడు. ఇక్కడ పర్మిట్ కూడా అక్కర్లేదంట కదా, మనమూ ఒకటి కొనుక్కోవచ్చా?"

తుపాకీ దాచుకుని తిరగడానికి పర్మిట్ అక్కర్లేదన్న మాట నిజమే, మిస్సోరిలో 2017 జనవరి 1 నుంచి అంతే. కానీ తుపాకీ తీసుకెళ్లకూడని చోట్ల జాబితా ఒకటి చట్టంలో అలాగే ఉంది, అందులో రివర్‌బోట్ కేసినోలు, అంటే నది మీద పడవల్లో నడిచేవి, ఉన్నాయి. మాది చూస్తే పడవలా ఉండదు, కార్పెట్, లైట్లు, స్లాట్ మెషీన్లు, ఏదో పెద్ద మాల్‌లో ఉన్నట్టే ఉంటుంది. 1992లో ఇక్కడి ఓటర్లు నది మీద జూదానికి ఒప్పుకున్నారు, 1998లో నదికి 1000 అడుగుల లోపు గుంట తవ్వి నీళ్లు నింపి దానిమీద కేసినో పెట్టుకోవచ్చని మళ్లీ ఓటేశారు. అంటే నేను సర్వర్లు చూసుకునే ఫ్లోర్ కింద ఉన్నది నీళ్లే, చట్టం దృష్టిలో అది పడవే. యాజమాన్యం ఒప్పుకుంటే తప్ప లోపలికి తుపాకీ తేకూడదు. పర్మిట్ ఉన్న అమెరికన్ తెస్తే మొదట బయటికి పొమ్మంటారు, పోనంటే పోలీసులు వచ్చి 100 డాలర్ల దాకా ఫైన్ రాస్తారు. కార్లోంచి బయటికి తీయనంత వరకు పార్కింగ్‌లో ఉంచుకోవడం అక్కడ నేరం కాదు.

అదే మిసిసిపీ నది మీద బ్రిడ్జి దాటి ఈస్ట్ సెయింట్ లూయిస్ వెళ్తే ఇల్లినాయ్, అక్కడ లెక్కే వేరు. 2013 దాకా జనం తుపాకీ దాచుకుని తిరగడానికి అసలు ఒప్పుకోని రాష్ట్రం అది. చట్టం తెచ్చాక కూడా కేసినో బిల్డింగే కాకుండా పార్కింగ్ లాట్ కూడా నిషేధమే అంది, లైసెన్స్ ఉన్నవాడు లాక్ చేసిన కార్లో పైకి కనపడకుండా పెట్టుకోవడానికి మాత్రం వెసులుబాటు ఇచ్చింది. మిస్సోరి పర్మిట్ అక్కడ చెల్లదు. గుమ్మం పక్కన 4 అంగుళాలకు 6 అంగుళాల బోర్డు ఉంటుంది, పిస్టల్ బొమ్మ మీద ఎర్రటి గుండ్రం, అడ్డగీత. మనవాళ్లు సెల్ఫీలు దిగుతూ దాన్ని దాటుకుని పోతుంటారు.

ఇదంతా తుపాకీ ఉంచుకునే హక్కు ఉన్నవాళ్ల సంగతి. ఎఫ్1 (స్టూడెంట్ వీసా), హెచ్1బీ లాంటి వీసాల మీద వచ్చినవాళ్లు తుపాకీ గానీ, ఒక్క తూటా గానీ దగ్గర ఉంచుకోకూడదని ఫెడరల్ చట్టమే చెబుతుంది, ఏ రాష్ట్రంలో ఉన్నా అంతే. 2022 నుంచి గరిష్ఠ శిక్ష 15 ఏళ్లు. వేట లైసెన్స్ ఉన్నవాళ్లకు మినహాయింపు ఉంది, మనవాళ్లలో అదో షార్ట్‌కట్‌గా చెప్పుకుంటున్నారు, కానీ ఇమిగ్రేషన్ లాయర్‌ని అడగకుండా ఎవరో చెప్పారని దాన్ని పట్టుకుని షాపుకి పోకండి. చదువు సాగక స్టూడెంట్ స్టేటస్ పోగొట్టుకున్న ఒక యూఏఈ కుర్రాడు ఫ్లోరిడాలో షూటింగ్ రేంజ్‌కి వెళ్లి కాల్చినందుకు 18 నెలల శిక్ష పడింది. తన స్టేటస్ పోయిందని అతనికి తెలుసని ప్రభుత్వం నిరూపించాలని 2019లో సుప్రీంకోర్టు అంది, అప్పటికి అతని జీవితంలో ఎన్నేళ్లు పోయాయో ఆలోచించండి. గ్రీన్ కార్డ్ వచ్చాక కొనుక్కోవచ్చు, అయినా తుపాకీ కేసులో శిక్ష పడితే ఆ కార్డుతోనే దేశం నుంచి పంపించేయొచ్చు.

2017 ఫిబ్రవరిలో కాన్సస్‌లోని ఓలేతలో, బార్‌లో కూర్చున్న మన తెలుగు ఇంజినీర్‌ని కాల్చి చంపాక చాలా ఇళ్లల్లో "మనమూ ఒకటి ఉంచుకుందామా" అన్న మాట వచ్చింది. ఆ భయం నాకు అర్థమవుతుంది, మా ఇంట్లోనూ ఆ మాట అనుకున్నాం.

నాకు ఎక్కువ టెన్షన్ పెట్టేది మాత్రం కొనడం కంటే రాత్రి రెండింటికి పార్కింగ్ లాట్‌లో జరిగేది. కారున్నవాడు తాగుతాడు, తాగనివాడి చేతిలో తాళాలు పెట్టి "నువ్వు నడుపురా" అంటాడు. తాగనివాడు మన ఎఫ్1 కుర్రాడు. గ్లోవ్ బాక్స్‌లో తుపాకీ. ఇక బ్రిడ్జి మీద పోలీసు ఆపితే స్టీరింగ్ ముందున్నవాడినే ముందు అడుగుతారు, అది నాది కాదంటే వెంటనే వదిలేస్తారన్న నమ్మకం లేదు.

ఆ కుర్రాడికి చెప్పిందే ఇక్కడా చెబుతున్నా. ఎవరి కారైనా ఎక్కే ముందు గన్ ఉందా అని నోరు తెరిచి అడగండి, ఇక్కడ అలా అడిగితే ఎవరూ ఏమీ అనుకోరు. ఉందంటే ఇంట్లో పెట్టి రమ్మనండి. కుదరదంటే ఊబర్ బుక్ చేసుకోండి, వాడి తాళాలు మాత్రం చేతిలోకి తీసుకోకండి.