మా ఊరి పేరులో ఒక లోకం

"అమ్మమ్మా, సాయంత్రం అడవికి వెళ్తున్నాం!" వీడియో కాల్‌లో ఎనిమిదేళ్ళ మా అమ్మాయి ఆ మాట అనగానే భద్రాచలం వైపు పల్లెలో ఉన్న మా అమ్మ కంగారుపడింది. "పొద్దుగూకే వేళ అడవికేంటే!"

తప్పు నాదే. జర్మనీలో మేముండే గ్యూటర్స్‌లోలో ఇంటి వెనక చెట్లనీ 'వాల్డ్' అనే అంటారు. దానికి అడవి అని నేర్పింది నేను. పాపకి వాల్డ్ అంటే రబ్బరు బూట్లేసుకుని ఓక్ కాయలు ఏరుకునే చోటు. అమ్మకి అడవి అంటే ఎలుగుబంటి.

ఆ రాత్రి నిఘంటువులు ముందేసుకు కూర్చున్నాను. వాల్డ్‌కి ఇంగ్లీషులో చుట్టం 'వోల్డ్'. కాట్స్‌వోల్డ్స్ కొండల పేరులో ఉంది, అక్కడ ఇప్పుడు ఎక్కువగా పొలాలూ, పచ్చిక బయళ్ళే. జర్మన్ 'హోల్ట్స్' అంటే ఒకప్పుడు అడవి కూడా, ఇప్పుడు కలప, కట్టె.

నన్ను ఆపేసింది మాత్రం మా ఊరి పేరు చివరి 'లో'. పాత జర్మన్‌లో 'లోహ్' అంటే పలచని తోపు, చెట్ల నడుమ తెరిపి. వాటర్‌లూలో ఉన్న 'లూ' కూడా అదే. లాటిన్‌లో దేవతల తోపుకి 'లూకుస్' అంటారు. సంస్కృతంలో దాని తోబుట్టువు, మన 'లోకం'! వేదాల్లో లోకమంటే మొదట తెరిపిగా ఉన్న చోటు, ప్రపంచం అనే అర్థం తర్వాతది. ఏడేళ్ళుగా ఆ మాటని ఇంటి చిరునామాలో రాస్తూనే ఉన్నాను, చూడలేదు. పొద్దున్నే పాపకి చెప్పాను.

అడవికి జర్మన్‌లో ఉన్న ఇంకో మాట 'ఫోర్స్ట్' కథ వేరు. మధ్యయుగపు తొలినాళ్ళ లాటిన్ పత్రాల్లో 'ఫోరెస్టిస్' అంటే రాజు తన వేటకి అట్టిపెట్టుకున్న నేల. అందులో జనం ఇష్టమొచ్చినట్టు వేటాడకూడదు, చెట్టు కొట్టకూడదు. 'బయట' అనే లాటిన్ మాట నుంచి వచ్చిందని చాలామంది పండితులంటారు. మన 'అరణ్యం' కూడా దూరం, పరాయి అనే అర్థమున్న 'అరణ' నుంచి వచ్చిందే. 1864లో భారతదేశపు అడవుల మొదటి ఇన్‌స్పెక్టర్ జనరల్ అయిన డీట్రిష్ బ్రాండిస్ కూడా బాన్‌లో పుట్టిన జర్మనే.

మరుసటి ఆదివారం అమ్మ తన చిన్నతనం చెప్పింది. తునికాకు కోతలు, కట్టెల మోపులు, దారి కాసే ఫారెస్టోళ్ళు. మోపు అంటే ఏమిటని పాప అడిగింది, తునికాకు అంటే ఏమిటని అడిగింది. ఫారెస్టోళ్ళు ఎవరని మాత్రం అడగలేదు.

"ఫోర్స్టర్ కదా," అంది.