బొంత లాగ్, 6వ వారం: గ్లౌజులు, క్యాషియర్ రబ్బర్లు, ఒక ఫ్రిజ్ మ్యాట్

పోయినసారి ఎక్కడ ఆపానంటే, అమ్మమ్మ వెంకటగిరి కాటన్ చీరల బొంతకి బెత్తెడుకొకటి చొప్పున పిన్నీసులు పెట్టేసి, ఫ్రీ మోషన్ మొదలుపెట్టి, కుట్టిన దానికన్నా విప్పిందే ఎక్కువై కూర్చున్నా. ఈ వారం కూడా కుట్టింది తక్కువే, చేతికి ఏం తొడిగితే బట్ట మాట వింటుందో వెతకడంతోనే సరిపోయింది.

కొత్తగా చూసేవాళ్ళకి ఒక ముక్క. మామూలు కుట్టులో కింద పళ్ళు బట్టని లాగుతాయి కదా, ఫ్రీ మోషన్‌లో వాటిని దించేస్తాం (నా మిషన్‌కి దించే మీట లేదు, పళ్ళ మీద ప్లాస్టిక్ ప్లేట్ కప్పాలి), డార్నింగ్ ఫుట్ (బట్టని నొక్కి పట్టని రకం) పెడతాం, ఇక లాగేది మన చేతులే. కుట్టు పొడవు కూడా డయల్ చెప్పదు, చెయ్యి ఎంత స్పీడుగా కదిలింది, కాలు పెడల్ ఎంత తొక్కింది అన్నదే లెక్క. అంగుళానికి 8 నుంచి 10 కుట్లు పడితే చక్కగా ఉంటుంది, నాకు ఒకచోట 20, పక్కనే 4. చెయ్యి జారితే పొడుగు కుట్టు, ఆగితే ముడి.

దానికి తోడు చెన్నై. మధ్యాహ్నం 3 గంటలకి ఒట్టి చేతులతో కూర్చుంటే చెమటకి అరచెయ్యి బట్టకి అతుక్కుంటుంది, సరిగ్గా వంపు తిప్పేటప్పుడు సర్రున జారుతుంది. పౌడర్ రాసుకుని చూశా, ముదురు నీలం చీర మీద నా అయిదు వేళ్ళూ అచ్చుపడ్డాయి.

ప్యారిస్ (ఇక్కడి పారీస్ కార్నర్ బజారు) వైపు వెళ్ళినప్పుడు హార్డ్‌వేర్ షాపులో రెండు రకాల గ్లౌజులు తెచ్చా. ఒకటి మూటలు మోసేవాళ్ళు వేసుకునే కాటన్ రకం, అరచేతిలో రబ్బరు చుక్కలు ఉండేది. పట్టు ఉంది కానీ దుప్పటి తొడుక్కున్నట్టుంది, కింద పిన్నీసు ఉందో లేదో కూడా వేళ్ళకి తెలియట్లేదు, సూది దానికి తగిలి విరిగింది. రెండోది పల్చటి నైలాన్‌ది, అరచెయ్యి వైపు మాత్రమే పీయూ (పాలీయూరిథేన్) కోటింగ్, చేతి వెనక వైపు గాలి ఆడుతుంది. ఇది బాగుంది. ఒక మాట, సైజ్ బిగుతుగా తీసుకోండి, వేళ్ళ చివర్లు వదులుగా వేలాడితే ఫుట్ కిందకి వెళ్తాయి. కుడి చేతి బొటనవేలు, చూపుడువేలు కొసలు కత్తిరించేశా, లేకపోతే దారం తెగిన ప్రతిసారీ గ్లౌజ్ విప్పి, సూదికి ఎక్కించి, మళ్ళీ తొడుక్కోవాలి, అది చెమట చేతికి ఎక్కదు.

అరగంట దాటితే ఆ గ్లౌజ్ కూడా తడిసిపోతోంది. అప్పుడు గుర్తొచ్చాయి, నోట్లు లెక్కపెట్టేటప్పుడు క్యాషియర్లు వేలికి పెట్టుకునే బుడిపెల రబ్బరు తొడుగులు. స్టేషనరీ షాపులో దొరికాయి, చేతికి మూడు చొప్పున పెట్టా, చిన్న చిన్న వంపులకి గ్లౌజ్ కన్నా ఇవే నయం. పెద్ద గీతలకి మాత్రం చాలవు, అక్కడ అరచెయ్యి మొత్తం కావాలి. అందుకు ఫ్రిజ్ అరల్లో పరిచే జారని మ్యాట్ చిల్లులది ఉంటుంది చూడండి, అది అరచేతంత రెండు ముక్కలు కోసి చేతుల కింద పెట్టుకుంటున్నా. ఎంబ్రాయిడరీ ఫ్రేమ్ లోపలి రింగ్‌కి సైకిల్ ట్యూబ్ చుట్టి స్టీరింగ్‌లా తిప్పొచ్చని కూడా తెలివి చూపించా, ట్రయల్ ముక్క మీద నల్ల చారలు పడ్డాయి. బొంత మీద పెట్టలేదు కాబట్టి బతికిపోయా. ట్యూబ్ పీకేసి బ్యాడ్మింటన్ బ్యాట్ గ్రిప్ టేప్ చుట్టా, మరక లేదు.

అసలు విషయం వేరే ఉందని పక్క వీధిలో మిషన్ ఎంబ్రాయిడరీ చేసే అతను చెప్పాడు, మన నెల్లూరు వైపు మనిషే. పళ్ళు, ఫుట్ రెండూ లేకుండా ఒట్టి ఫ్రేమ్‌తో జాకెట్ చేతుల నిండా పూలు కుట్టేస్తాడు. నేను కుడుతుంటే కాసేపు చూసి, "ఏందక్కా, అంత గట్టిగా నొక్కి పట్టావు, అదేమన్నా పారిపోతుందా? ముందు ఆ కింద వేలాడేదాని సంగతి చూడు" అన్నాడు. చూస్తే బొంతలో సగం టేబుల్ దిగి వేలాడుతోంది, నేను కుట్టేది ఒక వైపు, అది లాగేది ఇంకో వైపు. ఎడమ పక్కన ఇస్త్రీ బల్ల టేబుల్ ఎత్తుకి పెట్టి బరువంతా దాని మీదకి ఎక్కించా. చేతులు సూదికి రెండు వైపులా అరచెయ్యి దూరంలో పెట్టి, కిందకి నొక్కకుండా కొంచెం బయటికి సాగదీసి పట్టుకుంటే చాలు. భుజం నొప్పి ఆ రోజే తగ్గింది.

బొంత సులువుగా జారడం కోసం మిషన్ మీద నున్నటి టెఫ్లాన్ షీట్ కూడా పరిచా, సూది దగ్గర కన్నం కోసి. టేప్ సరిగ్గా అంటించలేదు, అది బొంతతో పాటు కదిలి కదిలి చివరికి బొంతకే కుట్టుపడింది, అరచెయ్యంత మేర. విప్పడానికి గంట. ఇంకోసారి ఫుట్ మీట దించడం మర్చిపోయా, డార్నింగ్ ఫుట్ ఎలాగూ బట్టని నొక్కదు కదా, దించానో లేదో తెలియదు, పైన అంతా బాగానే కనిపిస్తుంది, తిప్పి చూస్తే కింద దారం కాకి గూడు. మీట దిగకపోతే పై దారానికి టెన్షన్ (బిగుతు) పట్టదు మరి.

ఇప్పటికి మధ్య నుంచి మొదలుపెట్టి మూడో వంతు అయింది, 14 నంబర్ సూది, కాటన్ దారం. గ్లౌజులు రెండు జతలు మార్చి మార్చి వాడుతున్నా, ఒకటి ఫ్యాన్ కింద ఆరుతుంటే ఇంకోటి చేతికి. తర్వాత జరీ అంచు ముక్కలు వస్తాయి, అక్కడ పట్టు ఎలా ఉంటుందో వచ్చే వారం రాస్తా.