రైలు టికెట్‌కి వ్యాట్ లేదు కదా, మరి క్లయింట్ బిల్లులో ఎందుకు వేయాలి?

యూకేలో చిన్న కంపెనీ పెట్టుకుని కన్సల్టింగ్ చేసేవాళ్లని ఎవరిని కదిపినా వ్యాట్ రిటర్న్ (అమ్మకాలు, కొనుగోళ్ల మీద వ్యాట్ లెక్క చూపించే ఫారం) దగ్గర ఇదే పేచీ. క్లయింట్ ఆఫీసుకి రైల్లో వెళ్లొచ్చాం, టికెట్ 80 పౌండ్లు, రైలు ఛార్జీ మీద వ్యాట్ సున్నా శాతం, కాబట్టి ఇన్వాయిస్ చివర్లో అదే 80 వ్యాట్ లేకుండా వేసేస్తే అయిపోతుంది కదా అంటారు. అవ్వదు. 80 మీద 20 శాతం కలిపి 96 వేయాలి.

రైలెక్కింది మీరు మరి. మీ పని చేయడానికి మీరు పెట్టుకున్న ఖర్చు అది, క్లయింట్ తిరిగి ఇస్తున్నా లెక్కలో అది మీ ఫీజులో ముక్కే. ఫీజు మీద 20 శాతం అయితే దాని మీదా 20 శాతమే. స్టాంపులు, హోటల్, టాక్సీ అన్నిటికీ ఇదే సూత్రం. రసీదు మీద వ్యాట్ ఎంతుందో చూసి బిల్లు వేసే అలవాటు ముందు మానుకోవాలి.

హోటల్ దగ్గర ఇంకో తిరకాసు. బిల్లు 120, అందులో 20 వ్యాట్. ఆ 20 మీరు రిటర్న్‌లోని బాక్స్ 4లో (కొన్నవాటి మీద కట్టిన వ్యాట్ వేసే గడి) చూపించి వెనక్కి తీసుకుంటారు, అంటే మీకు పడిన ఖర్చు 100. క్లయింట్‌కి 100 ప్లస్ వ్యాట్ 20 వేయాలి. చాలామంది 120 మీద మళ్లీ 20 శాతం వేసి 144 పంపిస్తారు, అవతల అకౌంట్స్ వాళ్లు పట్టుకున్నప్పుడు పరువు పోతుంది. రిటర్న్‌లో ఈ హోటల్ నాలుగు చోట్ల కనిపిస్తుంది: అమ్మకం వైపు బాక్స్ 6లో వ్యాట్ లేని మొత్తం 100, బాక్స్ 1లో దాని వ్యాట్ 20, కొనుగోలు వైపు అలాగే బాక్స్ 7లో 100, బాక్స్ 4లో 20. రైలు టికెట్‌కైతే బాక్స్ 4లో ఏమీ ఉండదు, బాక్స్ 1లో మాత్రం 16 ఉంటుంది. క్లయింట్‌కి వ్యాట్ రిజిస్ట్రేషన్ ఉంటే మామూలుగా ఆ 16 వాళ్లు వెనక్కి తీసుకుంటారు, లేకపోతే అది వాళ్ల చేతి నుంచి పోయే డబ్బే. అలాంటివాళ్లకి కొటేషన్‌లోనే చెప్పేయండి, తర్వాత గొడవ పడకుండా.

వ్యాట్ వేయనక్కర్లేనివి కూడా ఉన్నాయి, వాటిని డిస్‌బర్స్‌మెంట్ అంటారు. కొన్నది క్లయింట్, మీరు వాళ్ల తరఫున డబ్బు కట్టారంతే. ఎంఓటీ (కారు రోడ్డెక్కడానికి పనికొస్తుందో లేదో చూసే టెస్ట్) చేసే అనుమతి లేని గ్యారేజీ కస్టమర్ కారుని వేరే సెంటర్‌కి తీసుకెళ్లి టెస్ట్ చేయిస్తే, అక్కడ కట్టిన ఫీజుని బిల్లులో విడిగా చూపించి అంతే వసూలు చేస్తే దాని మీద వ్యాట్ లేదు. ఒక్క పౌండ్ పైన వేసుకున్నారో, ఆ మినహాయింపు పోయినట్టే. క్లయింట్ కంపెనీ తరఫున కంపెనీస్ హౌస్‌కి (కంపెనీలని రిజిస్టర్ చేసే ప్రభుత్వ ఆఫీసు) కట్టే ఫీజూ ఇలాంటిదే. ఇవి మీ రిటర్న్‌లో ఏ బాక్సులోకీ రావు. వాటిలో వ్యాట్ ఉన్నా మీరు వెనక్కి అడగకూడదు, క్లయింట్ పేరు మీద బిల్లు ఉంటే వాళ్లు అడుక్కుంటారు.

ఫ్లాట్ రేట్ స్కీమ్‌లో (వచ్చిన మొత్తంలో ఒక స్థిరమైన శాతం వ్యాట్‌గా కట్టే పద్ధతి) ఉన్నవాళ్లకి మాత్రం హోటల్ లెక్క తిరగబడుతుంది. అక్కడ మామూలు ఖర్చుల మీద వ్యాట్ వెనక్కి రాదు, కాబట్టి హోటల్ మీకు పడింది పూర్తిగా 120. పైగా క్లయింట్ నుంచి వచ్చిన మొత్తం, వ్యాట్‌తో సహా, టర్నోవర్‌లో కలుస్తుంది. మీ రేటు 16.5 శాతం అనుకుందాం. పాత అలవాటు కొద్దీ 100 ప్లస్ 20 వేస్తే వచ్చిన 120లో 19.80 హెచ్‌ఎంఆర్‌సీకి, అంటే పన్ను శాఖకి, పోతుంది, హోటల్‌కి మీరే ఎదురు కట్టుకున్నట్టు. ఇక్కడ 120 ప్లస్ వ్యాట్ వేయడమే సరైన పద్ధతి, కాకపోతే ఖర్చులు ఎలా వేస్తారో కాంట్రాక్టులో ముందే రాసుకుని ఉండాలి. అసలు నన్నడిగితే ప్రయాణం ఖర్చంతా రోజు రేటులోనే కలిపేయడం హాయి, ఏ రసీదూ క్లయింట్‌కి చూపించే పని ఉండదు.