మంటైతే చెయ్యి, పోటైతే దిగు

నాకు పద్నాలుగేళ్ళప్పుడు నడుములో ఎముక చిట్లింది. జిమ్నాస్టిక్స్‌లో బీమ్ అనే సన్నటి దూలం మీంచి పడలేదు, బార్ జారలేదు. రోజూ వెనక్కి వంగి వంగి ఒకేచోట ఒత్తిడి పడి, సన్నగా బీటలిచ్చింది. అన్ని నెలలూ నేను ఎవరికీ చెప్పలేదు. ఎందుకు చెప్పలేదన్నది ఎముక సంగతికన్నా పెద్ద కథ. పిల్లల్ని జిమ్నాస్టిక్స్‌లో వేసినవాళ్ళు నన్ను అడుగుతుంటారు, "కోచ్ గట్టిగా ఉంటే తప్పేంటి?" అని. తప్పేం లేదు. నాకు ఇద్దరు కోచ్‌లు, ఇద్దరూ గట్టివాళ్ళే.

మొదటావిడ మేడం. హైదరాబాద్‌లో ఒక ప్రభుత్వ స్టేడియంలో నేర్పేవారు. ఆవిడ గొంతు బయట సైకిల్ స్టాండ్ దాకా వినిపించేది. కార్ట్‌వీల్‌లో మోకాలు వంగిందంటే మళ్ళీ మొదట్నుంచీ చెయ్యాల్సిందే. ఏడిస్తే, "ఏడవడం అయ్యాక చెప్పు, మొదలెడదాం" అని పక్కనే నిలబడేవారు. వదిలేసి వెళ్ళేవారు కాదు. స్ప్లిట్స్‌లో, అంటే కాళ్ళు రెండూ పూర్తిగా విడదీసి, కూర్చోబెట్టినప్పుడు మాత్రం ఒకటే మాట: "మంటైతే చెయ్యి, పోటైతే దిగు." కండరం సాగుతుంటే మంట. కీలులోనో ఎముకలోనో గుచ్చినట్టుంటే పోటు. ఏది ఏదో చెప్పాల్సింది మేమే. పోటంటే ఆవిడ మారుమాట లేకుండా దింపేసేవారు. మేం నాటకాలాడిన రోజులూ ఉన్నాయి. ఆవిడకు తెలిసిపోయేది, అయినా దింపేవారు.

2016 రియో ఒలింపిక్స్‌లో దీపా కర్మాకర్ 0.15 పాయింట్ల తేడాతో కాంస్యం పోగొట్టుకుని నాలుగో స్థానంలో నిలిచింది. 2018 ఫిబ్రవరిలో మన హైదరాబాద్ అమ్మాయి అరుణా రెడ్డి మెల్‌బోర్న్ ప్రపంచకప్‌లో వాల్ట్ (పరిగెత్తి వచ్చి బల్ల మీంచి పల్టీ కొట్టే విభాగం) కాంస్యం తెచ్చింది. మా ఇంట్లోనూ ఆశ పుట్టింది. నాన్న నన్ను ఒక ప్రైవేటు అకాడమీకి మార్చారు. స్ప్రింగ్ ఫ్లోర్, ఫోమ్ పిట్, ఏసీ. అక్కడ సర్.

సర్ రాక్షసుడని రాస్తే అబద్ధమవుతుంది. బార్ పట్టుకోవడానికి చేతులకు వేసుకునే నా మొదటి గ్రిప్స్ ఆయనే తన డబ్బుతో కొన్నారు. పోటీలకు వెళ్ళినప్పుడు రైల్లో మా బ్యాగులన్నీ ఆయనే ఎక్కించేవారు. అందుకే ఆయన మెచ్చుకోవాలని అంత తాపత్రయం. గుమ్మం పక్కనే బరువు తూచే మిషన్, దాని పైన వైట్‌బోర్డు, బోర్డు మీద మా పేర్లు, పేర్ల పక్కన కిలోలు. పావుకిలో పెరిగినా "నిన్న పెళ్ళిభోజనమా?" అని అందరి ముందూ అడిగేవారు. నాకు పెట్టిన పేరు ఇడ్లీ. అందరూ నవ్వేవారు, నేనూ నవ్వేదాన్ని. స్ప్లిట్స్‌లో ముందు కాలు మ్యాట్ల మీద ఎత్తి పెట్టించి, "మొక్కై వంగనిది మానై వంగునా" అంటూ తుంటి మీద తన బరువంతా వేసి నొక్కేవారు.

వీటన్నిటికన్నా నన్ను భయపెట్టింది ఆయన మౌనం. బీమ్ మీద వరసగా తడబడితే ఆ వారమంతా నావైపు చూసేవారు కాదు. నా వంతు వస్తే నా తర్వాతి అమ్మాయిని పిలిచేవారు. 10 సెంటీమీటర్ల వెడల్పున్న ఆ బీమ్ పక్కన నేను చాక్ పూసుకున్న చేతులతో నిలబడే ఉండేదాన్ని. తిట్టినా బావుండుననిపించేది.

నడుము నొప్పి గురించి ఒకే ఒక్కసారి చెప్పాను. "నొప్పైతే ఇంట్లో కూర్చో. నీ చోటు కోసం బయట పదిమంది ఉన్నారు" అన్నారు. ఆ సాయంత్రం అందరినీ కూర్చోబెట్టి ఫోన్లో 1996 అట్లాంటా ఒలింపిక్స్ వీడియో చూపించారు. కెర్రీ స్ట్రగ్ గాయపడిన చీలమండతోనే రెండో వాల్ట్ చేసి ఒంటికాలి మీద నిలబడటం, కోచ్ ఆమెను ఎత్తుకుని తీసుకెళ్ళడం. అమెరికాకు స్వర్ణం. "ఇదీ గుండె అంటే" అన్నారు సర్. ఆ వాల్ట్ చెయ్యకపోయినా అమెరికా జట్టే గెలిచేదని నాకు తర్వాతెప్పుడో తెలిసింది. ఆ సాయంత్రం మాత్రం నా నొప్పి నాకే సిగ్గనిపించింది. ఇంకెప్పుడూ ఆ మాట ఎత్తలేదు. కొన్నాళ్ళకు అది మంటో పోటో నాకే తెలియకుండా పోయింది.

ఈలోగా నెలసరి ఆగిపోయింది. సీనియర్ అక్కలు, "హమ్మయ్య, నీకూ ఆగిందా, ఇక సీరియస్‌గా చేస్తున్నట్టే" అన్నారు. అమ్మ కంగారుపడింది. అమ్మమ్మ ఊరి నుంచి నువ్వులుండలు చేసి పంపింది. సర్ రాసిచ్చిన లిస్టులో బెల్లం లేదు. వాటిని స్కూల్లో పంచిపెట్టాను. అన్నం తగ్గించాను, తర్వాత చపాతీ తగ్గించాను, చివరికి ఇంట్లో అందరితో కలిసి కూర్చోవడమే మానేశాను.

రాష్ట్ర పోటీల్లో బీమ్ మీద వెండి పతకం వచ్చింది. ఆ రాత్రి ఆటోలోంచి దిగబోతే నడుము కదల్లేదు. నాన్నే రెండు చేతులూ పట్టుకుని దించారు.

ఎక్స్‌రేలో ఏమీ కనబడలేదు. ఆర్థోపెడిక్ డాక్టర్ ఒంటికాలి మీద నిలబడి వెనక్కి వంగమన్నారు. వంగాను. సర్ నేర్పినట్టే, గడ్డం ఎత్తి, వేళ్ళు సాచి, పోటీలో జడ్జికి చూపించే చిరునవ్వుతో. డాక్టర్ గాభరాగా, "ఆగు తల్లీ! ఎంత వంగగలవో చూపించమనలేదు, ఎక్కడ నొప్పి పుడితే అక్కడ ఆగమన్నాను" అన్నారు. "పదికి ఎంత ఉంటుంది నొప్పి?" అని అడిగారు. నేను నాన్న ముఖంలోకి చూశాను, ఎంత చెప్పాలో అక్కడ రాసి ఉన్నట్టు. డాక్టర్ కలం పక్కన పెట్టి నాన్నను కాసేపు బయట కూర్చోమన్నారు.

ఎమ్మారై తీశాక పేరు తెలిసింది: స్పాండిలోలైసిస్. వెన్నుపూస వెనక భాగంలో సన్నటి ఎముక వంతెనలాంటిది ఉంటుంది. ఎదిగే వయసులో పదేపదే వెనక్కి వంగితే అక్కడ బీటలిస్తుంది. ఎక్కువగా నడుము చివరి పూస, ఎల్5లో. నాకు రెండు పక్కలా ఇచ్చింది. డాక్టర్ అంతటితో వదల్లేదు, నెలసరి గురించి అడిగారు, తిండి గురించి అడిగారు. ఖర్చయ్యేదానికి తగ్గట్టు తినకపోతే ఒళ్ళు ముందు నెలసరిని ఆపేస్తుందని, ఈస్ట్రోజెన్ పడిపోతే ఎముక గట్టిపడదని చెప్పారు. దీనికి అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ 2014లో పెట్టిన పేరు రిలేటివ్ ఎనర్జీ డెఫిషియెన్సీ ఇన్ స్పోర్ట్, పొట్టిగా రెడ్-ఎస్. ఎముక సాంద్రత చూసే డెక్సా స్కాన్‌లో నా వయసు పిల్లలకన్నా నా ఎముక పలచగా ఉందని తేలింది. విటమిన్ డి కూడా తక్కువే. బెల్టు, విశ్రాంతి, డైటీషియన్, సైకాలజిస్ట్. "వెన్నునొప్పికి సైకాలజిస్ట్ ఎందుకండీ?" అన్నారు నాన్న. సర్‌కు ఫోన్ చేస్తే, "డాక్టర్లు అలాగే అంటారు సార్, రెండు వారాలు చూసి పంపండి" అన్నారు. మేం పంపలేదు. ఆ తర్వాత ఆయన ఫోన్ ఎత్తలేదు.

2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చి హాళ్ళన్నీ మూతపడ్డాయి. లోకానికది ఏమైనా నాకు మాత్రం మేలే చేసింది. నా చోటు ఎవరూ ఎక్కట్లేదు కదా! ఫిజియో అక్క వీడియో కాల్‌లో వచ్చేది. మేడం కన్నా గట్టిది. పొట్ట కండరాల వ్యాయామంలో నడుము చాపకు అర అంగుళం లేచినా మళ్ళీ చేయించేది. "నొప్పి ఎంత?" అంటే అలవాటుగా "రెండు" అనేదాన్ని. "నీ నోరు రెండంటోంది, కనుబొమలు ఆరంటున్నాయి. ఏది నమ్మను?" అనేది. అలా నొప్పిని ఉన్నది ఉన్నట్టు చెప్పడం వ్యాయామంతోపాటే మళ్ళీ నేర్చుకున్నాను. ఆరని ఒప్పుకున్న రోజు ఆవిడ తిట్టలేదు, వ్యాయామం మార్చింది. కష్టమంతా తిండితోనే. పెరుగన్నం ముందు కూర్చుంటే వైట్‌బోర్డు కళ్ళముందుకు వచ్చేది. అమ్మ మాట్లాడకుండా పక్కన కూర్చుని తనూ తినేది. సైకాలజిస్ట్ చెప్పినవాటిలో మా ఇంట్లో పనిచేసింది అదొక్కటే.

ఆ ఏడాదే ఫోన్లో చదివాను. ఏప్రిల్‌లో అమెరికా జిమ్నాస్టిక్స్ సంఘం మ్యాగీ హేనీ అనే కోచ్‌ను మాటలతో, మానసికంగా హింసించినందుకు 8 ఏళ్ళు నిషేధించింది. తర్వాత దాన్ని 5 ఏళ్ళకు తగ్గించారు. రియోలో స్వర్ణం గెలిచిన జట్టులోని లారీ హెర్నాండెజ్ ఆవిడ శిష్యురాలే, ఆవిడ మీద మాట్లాడినవాళ్ళలో ఒకతె. ఒలింపిక్ స్వర్ణం వచ్చినదానికే ఇలా అయితే ఇడ్లీ ఎంత అనుకున్నాను. 2022 జూన్‌లో బ్రిటన్‌లో జిమ్నాస్టిక్స్‌లోని హింస మీద విచారణ చేసిన వైట్ రివ్యూ అనే నివేదిక వచ్చింది. 400కు పైగా వచ్చిన వాంగ్మూలాలు చూసి, హింస ఒకరిద్దరు కోచ్‌లది కాదు, వ్యవస్థలోనే ఉందని తేల్చింది. బరువు తూచడం, గాయంతో ఆడించడం, మూత్రానికి పంపకపోవడం, అతిగా సాగదీయడం. చదువుతుంటే మా హాల్లో ఏ మూల ఏది జరిగేదో వేలుపెట్టి చూపించగలననిపించింది.

నెలసరి ఆ లాక్‌డౌన్ ఏడాది చివర్లోనే మళ్ళీ మొదలైంది. ఎముక ఒక పక్క పూర్తిగా అతికింది, రెండో పక్క అతకలేదు గానీ నొప్పి లేదు. పోటీలకు మళ్ళీ వెళ్ళలేదు. ఆసుపత్రిలో బరువు చూస్తే ఇప్పటికీ అంకెకు వీపు తిప్పి నిలబడతాను. నర్సులు పైకే చదివేస్తారనుకోండి. నాన్న ఇప్పటికీ, "ఆయన లేకపోతే వెండి వచ్చేదా?" అంటారు. వచ్చేది కాదేమో. మేడం దగ్గరే ఉండుంటే ఏమయ్యేదో చెప్పడానికి నా దగ్గర ఇంకో నడుము లేదు.

మొన్న మా కాలనీలో ఒకావిడ ఎనిమిదేళ్ళ కూతురి గురించి అడిగారు. వాళ్ళ సర్ అరుస్తారట. అరవడం గురించి నేనేమీ అనలేదు. మిమ్మల్ని హాల్లో కూర్చోనిస్తారా అని అడిగాను, కూర్చోనివ్వరన్నారు. సాయంత్రం పాపను ఎక్కడైనా నొప్పిగా ఉందా అని అడిగి చూడండి, వెంటనే చెబుతుందో, ముందు మీ ముఖం చూస్తుందో గమనించండి అన్నాను. మర్నాడు ఫోన్ చేశారు. ముఖమే చూసిందట. మానిపిస్తారా అని అడిగితే, వచ్చే నెల టోర్నమెంట్ ఉంది, అదయ్యాక చూద్దామని వాళ్ళాయన అంటున్నారట.