వేలికి తెలిసే బటన్

స్మార్ట్‌ఫోన్ల ముందువైపు నుంచి బటన్ కనుమరుగై చాలా కాలమే అయింది. ఆపిల్ 2017లో ఐఫోన్ ఎక్స్‌తో హోమ్ బటన్‌ను తీసివేసి, తెర అడుగు నుంచి వేలిని పైకి జరిపే పద్ధతిని తెచ్చింది. నిజానికి 2016 నాటి ఐఫోన్ 7లోనే ఆ బటన్ లోపలికి కదలడం మానేసింది. నొక్కినట్టు అనిపించేది లోపలి మోటారు ఇచ్చే ప్రకంపన మాత్రమే. ఆ భ్రమ కోసం అంత శ్రమపడ్డారంటేనే, నొక్కిన సంగతి వేలికి తెలియడం ఎంత అవసరమో అర్థమవుతుంది.

వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి బస్తాలు మోసే మా చిన్నాయన ఫోన్ వాడుతుంటే ఈ అవసరం మరింత స్పష్టంగా కనిపిస్తుంది. వేలు తాకినప్పుడు తన విద్యుత్ క్షేత్రంలో కలిగే స్వల్ప మార్పును బట్టి తెర స్పర్శను గుర్తిస్తుంది కాబట్టి, ఎండి కాయలు కాచిన చర్మానికి అది ఒక్కోసారి స్పందించదు, చెమట చుక్కలనేమో వేలుగా పొరబడుతుంది. వెనక్కి వెళ్దామని అంచు నుంచి జరిపితే వాట్సాప్ మూతపడుతుంది. "ఏం నొక్కిన్నో నాకే తెల్వది బిడ్డా" అంటారాయన.

బటన్‌కు బదులు వేలిని జరిపే ఈ సంజ్ఞల వల్ల తెరపై కాస్త చోటు మిగులుతుంది, అంతవరకు ఒప్పుకోవలసిందే. అయితే కనిపించని సంజ్ఞను ఎవరైనా చెబితే తప్ప నేర్చుకోలేము. అందుకే ఆయన ఆండ్రాయిడ్ ఫోన్ సెట్టింగ్స్‌లో మూడు బటన్ల నావిగేషన్‌ను ఎంచి పెట్టాను; అవి తెర మీది బొమ్మలే అయినా కంటికి కనిపిస్తాయి. జేబులో మోగే ఫోన్‌ను చూడకుండానే ఆపడానికి మాత్రం ఆయనకు పక్కనున్న వాల్యూమ్ బటనే దిక్కు.