గేడన్ నుంచి స్టేషను దాకా ఒక పాత రోవర్‌లో

గేడన్‌లోని బ్రిటిష్ మోటార్ మ్యూజియం చూడాలని బర్మింగ్‌హామ్‌లో ఉంటున్న మా అమ్మాయిని వారం రోజులు వేధించి మరీ బయలుదేరాను గాని, తీరా అక్కడ గడిపిన నాలుగు గంటల గురించి రాద్దామంటే పెద్దగా ఏమీ తోచడం లేదు. టికెట్టు వెలను రూపాయల్లోకి మార్చి బాధపడే దుర్గుణం నాకింకా పోలేదు కనుక, ప్రతి కారు ముందూ కాసేపు నిలబడి పెట్టిన డబ్బు రాబట్టుకోవడానికి ప్రయత్నించాను. ఎలిజబెత్ రాణి సొంతానికి వాడుకున్న రోవర్ కారు కూడా అక్కడే ఉంది. దాన్ని దూరం నుంచే చూసి వచ్చేశాను.

తిరుగు ప్రయాణానికి ముందే మాట్లాడుకున్న టాక్సీ రాలేదు. ఫోన్ చేస్తే అరగంట అన్నారు. అరగంట తరవాత చేస్తే ఎవరూ ఎత్తలేదు. ఆదివారం సాయంకాలం, పైగా చినుకులు. బస్సు మీద ఆశ వదులుకుని గొడుగు కింద నిలబడి ఉండగా, లోపల రాణిగారి పేరుతో చూసిన ఆ రకం కారే ఇంకొకటి, ముదురు నీలం రంగులో, చప్పుడు లేకుండా వచ్చి నా పక్కన ఆగింది. డెబ్బై అయిదేళ్ళు దాటిన పెద్దాయన అద్దం దించి, తాను లెమింగ్టన్ స్పా వైపే వెళుతున్నానని, అభ్యంతరం లేకపోతే స్టేషను దగ్గర దింపుతానని అన్నారు.

ఎక్కి కూర్చోగానే తోలు, పాత కర్ర, కొంచెం పెట్రోలు కలిసిన వాసన తగిలింది. నేను తలుపు వేయబోతుంటే ఆయన వారించి, తనే దిగి వచ్చి, రెండు వేళ్ళతో నెట్టారు. ఇనప్పెట్టె మూత పడినట్టు మెత్తగా, బరువుగా మూసుకుంది. గుడివాడలో మా పెదనాన్న అంబాసిడర్ తలుపు గుర్తొచ్చింది. దాన్ని ధడేలుమని విసిరితేగాని పడేది కాదు, ఒకసారికి పడకపోతే వెనక కూర్చున్నవాళ్ళంతా ఏకకంఠంతో "గట్టిగా!" అని అరిచేవాళ్ళం. ఆ అంబాసిడర్ కూడా ఈ దేశపు కౌలీలో పుట్టిన మారిస్ ఆక్స్‌ఫర్డేనని చెబితే ఆయన తెగ సంబరపడ్డారు.

ఆయన కారు 1971 నాటి పీ5బీ. రోవర్ వాళ్ళ పెద్ద కారులో మొదట ఆరు సిలిండర్ల మూడు లీటర్ల ఇంజను ఉండేది. దాని స్థానంలో 1967లో మూడున్నర లీటర్ల అల్యూమినియం వీ8ను, అంటే ఎనిమిది సిలిండర్ల ఇంజనును, పెట్టారు. అమెరికాలో బ్యూయిక్ కార్ల కోసం తయారైన ఆ ఇంజను హక్కులను జనరల్ మోటార్స్ నుంచి కొనుక్కున్నారు. పేరు చివరి 'బీ' బ్యూయిక్‌దే. పక్కా ఇంగ్లీషు ఇంటికి అమెరికా నుంచి తెచ్చుకున్న ఇల్లరికపుటల్లుడన్నమాట. అల్లుడు బరువు తక్కువ, బలం ఎక్కువ కావడంతో ఇల్లు నిలబడింది. 1973లో తయారీ ఆపేసేటప్పుడు ప్రభుత్వం కొన్ని బళ్ళను ముందుగానే కొని దాచుకుందనీ, 1979లో థాచర్ ప్రధానిగా డౌనింగ్ స్ట్రీటుకు వచ్చింది ఇలాంటి కారులోనేననీ చెప్పేటప్పుడు పెద్దాయన గొంతు కాస్త పెరిగింది.

చౌమహల్లా ప్యాలెస్‌లో నిజాంగారి పసుపుపచ్చ రోల్స్‌రాయిస్‌ను చూసినప్పుడు నాకు దండం పెట్టాలనిపించిందే కాని ఎక్కాలనిపించలేదు. ఈ రోవర్ అలా కాదు. ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, చేతికర్ర పట్టుకుని, ఎవరినీ పలకరించకుండానే గౌరవం పొందే పాతకాలపు హెడ్మాస్టరులా ఉంది. సీటు తోలు మీద సన్నని గీతలు కనిపిస్తున్నాయి. ఆఫ్రికా చెర్రీ కర్రతో చేసిన డాష్‌బోర్డు వార్నిషు ఒక మూల పాలిపోయింది. వాటిని ఆయన కావాలనే బాగుచేయించలేదట. తుప్పును మాత్రం క్షమించరు: చలికాలంలో రోడ్ల మీద ఉప్పు చల్లుతారు కనుక ఆ నెలల్లో బండిని షెడ్డు దాటనివ్వరు. నలభై ఏళ్ళు నిండిన బండి కాబట్టి రోడ్డు పన్ను లేదుగాని, లీటరుకు ఆరేడు కిలోమీటర్లు మించి రాదని నవ్వుతూ ఒప్పుకున్నారు.

రోమన్లు వేసిన ఫాస్ వే మీద కారు సాగుతుంటే గడియారం టిక్కుటిక్కు వినిపించింది. దారిలో ఒకచోట ఆపి, డాష్‌బోర్డు కింది సొరుగు లాగి చూపించారు. అందులో పానాలు, స్క్రూడ్రైవరు, ఒక్కో పనిముట్టుకు దాని ఆకారంలోనే చేసిన గుంట. ఒక గుంట ఖాళీగా ఉంది. అందులో ఉండవలసిన పట్టకారు కోసం పన్నెండేళ్ళుగా పాత సామాన్ల సంతలన్నీ తిరుగుతున్నారట. కొత్తది కొని పెట్టుకోవచ్చు కదా అన్నాను. నేనేదో కూడని మాట అన్నట్టు ఒక క్షణం చూసి, సొరుగు లోపలికి నెట్టేశారు.

స్టేషను ముందు దిగి, పెట్రోలుకేమైనా ఇవ్వబోతే తీసుకోలేదు. రైలు వచ్చే వేళయిందన్న కంగారులో థాంక్స్ చెబుతూ, చిన్ననాటి అలవాటు కొద్దీ తలుపును అంబాసిడర్ తలుపులా విసిరేశాను. ఆయన కళ్ళు గట్టిగా మూసుకున్నారు. తరవాత ఏమీ అనకుండా దిగి, ఇటు తిరిగి వచ్చి, తలుపు తెరిచి, రెండు వేళ్ళతో మళ్ళీ వేశారు.