పుక్కిట్లో మందు

మంగళవారం రాత్రి.

అమ్మను ఈ రోజు మళ్ళీ ఛాతీ డాక్టరు దగ్గరికి తీసుకువెళ్ళాను. ఏడు రోడ్ల కూడలి దాటేసరికే ఎండ మాడ్చేస్తోంది. ఆటో దిగి పది మెట్లు ఎక్కడానికి ఆమె రెండు సార్లు ఆగింది. మందు పెంచుతారనే అనుకున్నాను. డాక్టరు గారు పెంచలేదు. "ఇన్‌హేలర్ ఎలా వాడుతున్నారో నర్సమ్మకు ఒకసారి చూపించండి" అన్నారు, అంతే.

అమ్మ ధీమాగా మూత తీసింది. డబ్బాను ఊపలేదు, ఊపిరి వదలలేదు. గొట్టం నోట్లో పెట్టుకుని నొక్కి, పెదవులు బిగించి, బుగ్గలు పొంగించి కూర్చుంది. పెదవుల సందులోంచి సన్నటి ఆవిరి అప్పుడే బయటికి జారిపోయింది.

"చుట్ట కాల్చేవారా అమ్మా?" అని అడిగింది నర్సు.

అడ్డపొగ. నిప్పు ఉన్న వైపు నోట్లో పెట్టుకుని కాల్చడం. మా శ్రీకాకుళం పల్లెల్లో ఆ కాలపు ఆడవాళ్ళలో చాలామందికి ఉన్న అలవాటే. దానికి తోడు కట్టెల పొయ్యి, పలాసలో జీడిపిక్కలు కాల్చే చోట పని. జబ్బు ఎక్కడి నుంచి వచ్చిందో వెతకనక్కర్లేదు. చుట్ట మాని ఆరేళ్ళయింది కానీ, పొగను పుక్కిట పట్టిన నోరు మందునూ అలాగే పట్టింది. మూడేళ్ళుగా!

ఆ మూడేళ్ళూ నెలనెలా ఇన్‌హేలర్ కొని తెచ్చింది నేను. దుకాణంలో "పొద్దున రెండు, రాత్రి రెండు" అన్నారు. ఎలా అని వాళ్ళు చెప్పలేదు, నేను అడగలేదు. ఖర్చు లెక్క మాత్రం రాసుకున్నాను.

పైగా మా మామగారు ఫోనులో "గట్టిగా లాగండి చెల్లెమ్మగారూ" అని సలహా ఇచ్చేవారు. ఆయన వాడేది గొట్టంలో గుళిక వేసే పొడి రకం. దాన్ని నిజంగానే వేగంగా, బలంగా పీల్చాలట. అమ్మది చిమ్మే రకం. ముందు ఊపిరి వదిలేసి, పీల్చడం మొదలుపెడుతూనే నొక్కి, నెమ్మదిగా లోపలికంటా తీసుకోవాలి. ఆ పైన పది లెక్కపెట్టేదాకా బిగబట్టాలి. ఒకదానికి ఒకదానికి మధ్య అర నిమిషమైనా ఆగాలి.

చేయీ ఊపిరీ ఒకేసారి కలవడం అమ్మకు కుదరలేదు. నాలుగోసారికి నర్సు స్పేసర్ తగిలించింది. సోరకాయ బుర్రలా ఉంది. నొక్కితే మందు అందులో నిలుస్తుంది, వెంటనే తాపీగా పీల్చుకోవచ్చు. సబ్బు నీళ్ళలో కడిగి గాలికి ఆరనివ్వాలి, గుడ్డతో తుడిస్తే మందు గోడలకు అంటుకుపోతుందట. అమ్మ చేయి అప్పటికే పైట చెంగు మీదికి వెళ్ళింది.

చివరగా నర్సు, "ఇందులో స్టెరాయిడ్ ఉంది. వాడాక నీళ్ళు పుక్కిలించి ఉమ్మాలి. లేకపోతే నాలుక మీద తెల్లటి పూత వస్తుంది" అంది. నాకు తల కొట్టేసినట్టయింది. రెండు నెలలుగా నాలుక మంట అంటుంటే, పాపమంతా ఆవకాయదేనని జాడీని అటక ఎక్కించాం.

ఈ చిమ్మే రకం అమెరికాలో 1956లో అమ్మకానికి వచ్చిందని ఇంటికి వచ్చాక చదివాను. అమ్మ పుట్టిన ఏడూ అదే. ఆ మాట చెబితే, "అయితే అది నా ఈడుదే, మాట వింటుందిలే" అంది.

రాత్రి భోజనానికి ముందు వేయించాను. ఆమె బిగబట్టింది, నేను ఒకటి, రెండు అని మొదలుపెట్టాను. చేత్తో వద్దు వద్దు అని సైగ చేసింది. పది అయ్యాక ఊపిరి వదిలి కోప్పడింది:

"ఒకటి అంటావేమిటి నాయనా! కళ్ళంలో కుంచం కొలిచేటప్పుడు ఏమనేవాళ్ళం? లాభం అనాలి."

అర నిమిషం ఆగి రెండోది నొక్కాను. లాభం, రెండు, మూడు...